కనిపించే ఆకారం, అసలు ఆకారం

పాలిటెక్నిక్‌లోనో బీటెక్ మొదటి ఏడాదిలోనో చేరిన పిల్లలు డ్రాయింగ్ షీటు ముందు కూర్చుని గీయాల్సిన లెక్క ఒకటి చెబుతాను. 30 మిల్లీమీటర్ల భుజం ఉన్న షడ్భుజి పలక ఒకటుంది. దాని ఒక భుజం నేలను ఆనుకుని ఉంది. పలక నేలతో 45 డిగ్రీల కోణంలో వాలి ఉంది. నేలను ఆనుకున్న ఆ భుజం ఎదుటి గోడవైపు ఇంకో కోణంలో తిరిగి ఉంది. పై నుంచి చూస్తే ఆ పలక ఎలా కనిపిస్తుందో, ముందు నుంచి చూస్తే ఎలా కనిపిస్తుందో రెండూ గీయాలి. పుస్తకాల్లో ఈ అధ్యాయం పేరు ప్రొజెక్షన్స్ ఆఫ్ ప్లేన్స్. త్రిభుజం, చతురస్రం, పంచభుజి, వృత్తం, ఇలా ఆకారాలు మారుతాయి, కోణాలు మారుతాయి, లెక్క స్వభావం మాత్రం ఇదే. కంప్యూటర్ క్షణంలో చేసిపెట్టే పనిని చేత్తో ఎందుకు గీయించాలని పిల్లలు అడుగుతున్నారు, కొందరు అధ్యాపకులూ అడుగుతున్నారు. అడగదగ్గ ప్రశ్నే. కంటికి కనిపించే ఆకారం నుంచి వస్తువు అసలు ఆకారాన్ని రుజువుతో సహా తేల్చడం ఈ పాఠంలోని సారం అని నా నమ్మకం. ఆ సారం వంటబట్టాలంటే చేత్తో గీయక తప్పదు. అయితే మనం ఇప్పుడు నేర్పుతున్న తీరు ఆ సారాన్ని చాలావరకు పక్కన పెట్టేస్తోంది. ఆ తీరు మారాలి. ఈ రెండు మాటలకూ ఆధారాలు చూపించడానికి ప్రయత్నిస్తాను.

రేడియోలో బొమ్మ చూపించలేను కాబట్టి ఒక చేతి గాజు తీసుకోండి. ఎండ నడినెత్తిన ఉన్న వేళ దాన్ని నేలకు సమాంతరంగా పట్టుకుంటే నీడ గుండ్రంగా, గాజంత వ్యాసంతో పడుతుంది. ఇప్పుడు గాజును ఒక పక్కకు నెమ్మదిగా వంచండి. నీడ కోలగా మారుతుంది. జాగ్రత్తగా గమనిస్తే నీడ అన్ని వైపులా కుంచించుకుపోలేదని తెలుస్తుంది. ఏ వ్యాసం చుట్టూ గాజును తిప్పుతున్నామో ఆ వ్యాసం పొడవు నీడలో ఒక్క వెంట్రుకవాసి కూడా తగ్గదు. దానికి అడ్డంగా ఉన్న వ్యాసం మాత్రమే తగ్గుతూ పోతుంది. 60 డిగ్రీలు వంచేసరికి అది సరిగ్గా సగమవుతుంది. గాజును పూర్తిగా నిలబెడితే నీడ ఒట్టి గీతగా మిగులుతుంది. ఇంతవరకు అందరికీ తెలిసిందే. కానీ ప్రశ్నను తిరగేసి అడగండి. గాజును చూడకుండా నేల మీది కోలనీడను మాత్రమే చూస్తే, పైన ఉన్నది వాలిన గుండ్రటి గాజా, లేక నేలకు సమాంతరంగా పట్టుకున్న కోలగాజా? ఆ నీడ ఒక్కదాన్నే చూసి ఎంతటి మేధావీ చెప్పలేడు. పక్క నుంచి ఇంకొక దృశ్యం దొరికితే ఎవరైనా చెప్పగలరు. డ్రాయింగ్‌లో రెండు వ్యూలు అడగడానికి కారణం ఇదే.

ఆ రెండు వ్యూలనూ గదిలో నిలబడి ఊహించుకోవచ్చు. నేలను హెచ్.పి. అంటారు, ఎదుటి గోడను వి.పి. అంటారు, రెండూ కలిసే అంచు ఎక్స్-వై గీత. గదిలో గాల్లో ఉన్న పలక మీది ప్రతి మూల నుంచీ నేల మీదికి ఒక నిట్టనిలువు గీత దించితే టాప్ వ్యూ వస్తుంది. గోడ మీదికి సూటిగా ఒక గీత తీస్తే ఫ్రంట్ వ్యూ వస్తుంది. ఆ తర్వాత నేలను ఎక్స్-వై దగ్గర కిందికి మడిచి, గోడతో ఒకే తలంలోకి తెస్తే రెండూ ఒకే కాగితం మీదికి వస్తాయి. ఫ్రంట్ వ్యూ గీతకు పైన, టాప్ వ్యూ కింద. మన దేశంలో కాలేజీలు అనుసరించే భారతీయ ప్రమాణం ఎస్.పి. 46 సిఫారసు చేసిన ఫస్ట్ యాంగిల్ పద్ధతి ఇది. అమెరికా డ్రాయింగులు థర్డ్ యాంగిల్‌లో వస్తాయి, అక్కడ టాప్ వ్యూ పైన ఉంటుంది. ఈ తేడా గురించి తరగతిలో ఖర్చయ్యే కాలం దాని విలువకు మించినదని నా అభిప్రాయం. డ్రాయింగు మూలన ఉన్న గుర్తు చూసుకుంటే సరిపోయే సంగతి అది. అసలు తేల్చుకోవాల్సింది వేరే ఉంది. పలక నేలకు సమాంతరంగా ఉంటే అసలు ఆకారం టాప్ వ్యూలో దొరుకుతుంది. నేలకు లంబంగా ఉంటే టాప్ వ్యూ గీత అయిపోతుంది. గోడ విషయంలోనూ ఇంతే. నేలకూ గోడకూ రెండింటికీ వాలి ఉంటే అసలు ఆకారం ఏ వ్యూలోనూ ఉండదు. షీటు మీద రెండు బొమ్మలు ఉంటాయి, రెండూ నిజమైనవే, కానీ పలక అసలు కొలతలు మాత్రం ఏ ఒక్క బొమ్మ మీదా స్కేలు పెట్టి పూర్తిగా తీసుకోలేం.

ఇందాకటి షడ్భుజిని దగ్గరగా చూద్దాం. మొదట దాన్ని నేల మీద పడుకోబెడతాం. టాప్ వ్యూలో అసలు షడ్భుజి, ఫ్రంట్ వ్యూలో ఎక్స్-వై మీద ఒక గీత. ఆ మొదటి మెట్టులోనే, నేలను ఆనుకోబోయే భుజాన్ని ఎక్స్-వైకి లంబంగా ఉండేట్టు గీయాలి. పిల్లలు దీన్ని సూత్రంలా బట్టీ పడతారు. కారణం ఒక్కసారి చెబితే మళ్ళీ బట్టీ అక్కర్లేదు: పలకను ఆ భుజం చుట్టూ లేపినప్పుడు ఫ్రంట్ వ్యూలో అది గీతగానే ఉండాలి, లేచిన కోణం అక్కడ ఉన్నదున్నట్టు కనిపించాలి. రెండో మెట్టులో ఆ గీతను 45 డిగ్రీలు లేపి, మూలల నుంచి కిందికి గీతలు దించి కొత్త టాప్ వ్యూ కడతాం. ఎదురెదురు భుజాల మధ్య దూరం అసలు షడ్భుజిలో దాదాపు 52 మిల్లీమీటర్లు, ఇప్పుడు 36.7 అయింది. ఎదురెదురు మూలల మధ్య అడ్డంగా ఉన్న 60 మాత్రం 60గానే నిలిచింది. నేలను ఆనుకున్న భుజమూ, దాని ఎదుటి భుజమూ 30గానే ఉన్నాయి. మిగిలిన నాలుగు భుజాలూ 23.7 మిల్లీమీటర్లకు తగ్గాయి. అసలు పలకలో ఆరు భుజాలూ సమానం, బొమ్మలో రెండు ఒక తీరు, నాలుగు ఒక తీరు. ఏది తగ్గింది, ఏది తగ్గలేదు, ఎందుకు? ఈ మూడు ప్రశ్నలకు జవాబు చెప్పగలిగిన పిల్లవాడికి పాఠం వచ్చినట్టే. మూడో మెట్టు, అంటే టాప్ వ్యూను ఉన్నదున్నట్టు తిప్పి పెట్టి దాని నుంచి చివరి ఫ్రంట్ వ్యూ తీయడం, ఆ తర్వాత ఓపికతో చేసే పని.

ఇంత చిన్న విషయానికి అంత ప్రాధాన్యం ఎందుకంటారేమో. సైన్సు చరిత్రలో ఒక పెద్ద చిక్కు సరిగ్గా ఈ పాఠంతోనే విడింది. 1610లో గెలీలియో టెలిస్కోపులో శనిని చూసినప్పుడు ఆ గ్రహానికి అటూ ఇటూ రెండు చిన్న గోళాలు ఉన్నట్టు కనిపించింది. 1612లో చూస్తే అవి లేవు. ఆయన నివ్వెరపోయాడు. ఆ తర్వాత మళ్ళీ కనిపించాయి, ఈసారి పిడుల్లాంటి ఆకారంలో. తర్వాతి దశాబ్దాల్లో చూసినవారు ఒక్కొక్కరు ఒక్కో బొమ్మ గీశారు. అందరూ తమకు కనిపించిందే గీశారు, బొమ్మలు మాత్రం ఒకదానితో ఒకటి పొసగలేదు. 1659లో డచ్ శాస్త్రవేత్త హైగెన్స్ తన శనిగ్రహ గ్రంథంలో విడమరిచి చెప్పాడు: గ్రహాన్ని ఎక్కడా తాకకుండా దాని చుట్టూ పలచటి చదునైన వలయం ఒకటి ఉంది, ఆ వలయం భూమి తిరిగే కక్ష్యాతలానికి వాలి ఉంది. వలయం వాలు దిశ మారదు. శని సూర్యుణ్ణి చుట్టి రావడానికి పట్టే దాదాపు ఇరవై తొమ్మిదిన్నర ఏళ్ళలో మనం దాన్ని చూసే కోణమే మారుతూ ఉంటుంది. బాగా తెరుచుకున్నప్పుడు దాదాపు 27 డిగ్రీలు వాలి కనిపిస్తుంది, అప్పుడు కోల అడ్డకొలత పొడవులో సగంకన్నా కొంచెం తక్కువ. అంచు మనవైపు తిరిగినప్పుడు ఒట్టి గీత, అది కూడా కంటికి ఆనదు. 2009లో అలా జరిగింది, 2025 మార్చిలో మళ్ళీ జరిగింది. హైగెన్స్ దగ్గర అప్పటివారికన్నా మెరుగైన టెలిస్కోపు ఉన్నమాట నిజమే. కానీ పొసగని బొమ్మలన్నీ ఒకే వృత్తాకారపు పలక వేర్వేరు వాలుల్లో ఇచ్చే వ్యూలని గుర్తించినది టెలిస్కోపు అద్దం కాదు. మన పిల్లలు రెండో మెట్టులో గీసే కోల, లంబంగా ఉన్నప్పుడు గీసే గీత, ఇవే ఆ రెండు దశలు.

ఈ విద్యను ఒక శాస్త్రంగా కట్టినవాడు ఫ్రాన్స్‌కు చెందిన గాస్పార్ మోంజ్. 1746లో బోన్ పట్టణంలో ఒక చిన్న వ్యాపారి ఇంట పుట్టాడు. మెజియేర్‌లోని సైనిక ఇంజనీరింగ్ పాఠశాలలో అధికారి శిక్షణ పొందడానికి కులీన వంశం కావాలి, అతనికి అది లేదు. అందుకని నమూనాలు, డ్రాయింగులు తయారుచేసే విభాగంలో పెట్టారు. అక్కడ ఒక కోటకు సంబంధించిన పని అతనికి అప్పగించారు. చుట్టుపక్కల ఎత్తుల మీది నుంచి శత్రువు చూపు, కాల్పులు లోపలికి పడకుండా గోడలు ఎంత ఎత్తులో కట్టాలో తేల్చాలి. అప్పట్లో అది చాలా సుదీర్ఘమైన అంకెల లెక్క. మోంజ్ దాన్ని గీతలతో, అంత తక్కువ సమయంలో సాధించేసరికి, ఇంత త్వరగా అయ్యే పని కాదని పై అధికారి మొదట చూడడానికే ఒప్పుకోలేదు. చూసిన తర్వాత ఆ పద్ధతిని సైనిక రహస్యంగా దాచిపెట్టారు. ఫ్రెంచి విప్లవం తర్వాత 1795లో పారిస్‌లో మోంజ్ దాన్ని బహిరంగంగా బోధించాడు, 1799లో పుస్తకంగా వచ్చింది. కోటగోడల మీదుగా వాలుగా సాగే ఒక తలాన్ని కాగితం మీద రెండు వ్యూలలో పట్టుకోవడమే అక్కడ జరిగిన పని. మన పిల్లలు అరువు తెచ్చుకున్న డ్రాఫ్టరు పరికరంతో గీసేది ఒకప్పుడు ఒక రాజ్యం గుట్టుగా దాచుకున్న విద్య. అధ్యాయం మొదలుపెట్టేటప్పుడు అధ్యాపకులు ఈ సంగతి ఒక్కసారి చెబితే బాగుండును.

ఇక అభ్యంతరాలు. మొదటిది: మందం లేని షడ్భుజి పలకను ఒక అంచు మీద నిలబెట్టే పని ఏ ఫ్యాక్టరీలో ఉంది? ఇది కృత్రిమమైన లెక్క కదా? దీనికి జవాబు గోదావరి జిల్లాల్లో ఏ రైసుమిల్లులోకి వెళ్ళినా దొరుకుతుంది. ధాన్యం జారే హాపరును చూడండి. పైన వెడల్పు చతురస్రం, కింద ఇరుకు చతురస్రం, నాలుగు వైపులా వాలు రేకులు. పై నోరు 1000 మిల్లీమీటర్లు, కింది నోరు 200, నిలువు ఎత్తు 600 అనుకుందాం. ఫ్రంట్ వ్యూ గీస్తే ఒక ట్రెపీజియం వస్తుంది: పైన 1000, కింద 200, ఎత్తు 600. రేకు ఆ కొలతలతో కోస్తే ఏమవుతుంది? ముందు రేకు వెనక్కి వాలి ఉంది, కాబట్టి ఫ్రంట్ వ్యూలో కనిపించే 600 దాని అసలు ఎత్తు కాదు. ఒక్కో వైపు 400 లోపలికి వస్తూ 600 కిందికి దిగే వాలు పొడవు 721. కోయాల్సింది 721. వెల్డరు 600కే కోశాడనుకోండి. నాలుగు రేకులూ ఒకదానికొకటి చక్కగా అతుకుతాయి, ఎక్కడా సందు రాదు, తప్పు జరిగినట్టే తెలియదు. స్టాండు మీద పెట్టేటప్పుడు చూస్తే హాపరు ఎత్తు 447 మాత్రమే. గోడల వాలు 56 డిగ్రీలు ఉండాల్సింది 48కి తగ్గింది. నిలవ తగ్గింది, సరుకు జారడమూ మందగిస్తుంది. ఆ నాలుగు రేకులే మన పాఠంలోని పలకలు. వంటింటి చిమ్నీ హుడ్ అయినా, ఏసీ డక్టు మలుపైనా, పిరమిడ్ కప్పు అయినా ఇంతే. చదునైన ముఖాలున్న ఘనవస్తువు అంటే కొన్ని పలకలు అంచుల దగ్గర కలవడం. ఘనవస్తువుల అధ్యాయమూ, వాటిని కోసి అసలు కోతముఖం చూపించే అధ్యాయమూ, రేకును విప్పి పరిచే డెవలప్‌మెంట్ అధ్యాయమూ అన్నీ ఈ పలక మీద నిలబడ్డవే. ఒకే పలకను తిప్పడం రానివాడికి ఐదారు పలకలున్న వస్తువు ఇవ్వడం న్యాయం కాదు.

ఇంటి మీద చూసినా అంతే. 30 డిగ్రీల వాలున్న రేకుల కప్పులోంచి 100 మిల్లీమీటర్ల గుండ్రటి పైపు నిలువుగా పైకి పోవాలి. పై నుంచి చూస్తే రంధ్రం గుండ్రమే. రేకు మీద గీయాల్సింది మాత్రం 100కి 115.5 ఉన్న కోల. ఇక్కడ వ్యూ వృత్తం, అసలు ఆకారం కోల. గాజు నీడ లెక్క ఇక్కడ తలకిందులైంది. అదే కప్పుకు రేకులు కొనేటప్పుడు, ప్లానులో 1000 చదరపు అడుగులు కనిపిస్తే వాలు మీద 1155 ఉంటుంది, అతివ్యాప్తి కోసం వేసుకునే అదనం వేరే. పాడేరు, అరకు వైపు కొండవాలు భూములకు సర్వేలో రాసే విస్తీర్ణం కూడా వాలు వెంబడి కొలిచింది కాదు, సమతలం మీదికి దించిన టాప్ వ్యూ విస్తీర్ణం. అందుకే సర్వేయరు వాలులో గొలుసును నేల వెంబడి పరచడు, మెట్లు మెట్లుగా మట్టంగా పట్టుకుని కొలుస్తాడు.

రెండో అభ్యంతరం బలమైనది. డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ ఆటోక్యాడ్ 1982లోనే వచ్చింది. నేటి సాఫ్ట్‌వేర్‌లో వస్తువును త్రీడీలో కట్టేస్తే వ్యూలన్నీ దానంతటవే వస్తాయి. సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ 2018 నమూనా సిలబస్‌లో కూడా ఈ పేపరు ఇంజనీరింగ్ గ్రాఫిక్స్ అండ్ డిజైన్‌గా మారి కంప్యూటర్ భాగం చేరింది. ఇక పెన్సిలెందుకు? ఉద్యోగంలో డ్రాయింగులు చేత్తో గీయాలని నేను అనడం లేదు. ఏ ఆఫీసూ ఇవాళ ఆ పని చేయదు, చేయాల్సిన అవసరమూ లేదు. నేర్చుకునే దశ గురించే నా మాట. సాఫ్ట్‌వేర్ తెరిచి మోడల్ మొదలుపెట్టగానే అది అడిగే మొదటి ప్రశ్న ఏ ప్లేన్ మీద గీస్తావని. వాలు ప్లేన్ కావాలంటే ఒక అక్షం చూపించాలి, ఒక కోణం ఇవ్వాలి. నేలను ఆనుకున్న భుజం ఆ అక్షం, నేలతో చేసే 45 డిగ్రీలు ఆ కోణం. అంటే పెన్సిలుతో నేర్చిన మాటలనే మౌస్‌తో చెబుతున్నాం. ఆ మాటలు రానివాడికి సాఫ్ట్‌వేర్ సాయం చేయలేదు. తప్పు ప్లేన్ ఎంచుకుంటే తప్పు వస్తువునే అందంగా, కచ్చితంగా, రంగులతో చూపిస్తుంది. వాలు ముఖం మీది రంధ్రాల దూరాన్ని మామూలు వ్యూ మీద కొలిస్తే, ఇందాకటి షడ్భుజి భుజాల్లాగే 30కి బదులు 23.7 ఇస్తుంది, అది ఆ వ్యూలో నిజమే కాబట్టి హెచ్చరించదు. తెర మీద బొమ్మను అటూ ఇటూ తిప్పి చూస్తే అవగాహన రాదా అంటారు. కొంత వస్తుంది. కానీ తెర మీద ముందు తిప్పుతాం, తర్వాత ఆకారం కనిపిస్తుంది. కాగితం మీద ఆకారం ఏమవుతుందో ముందే తేల్చుకుంటే గానీ గీత పడదు. ఆ ముందుచూపును చేయి పట్టి అలవాటు చేసే సాధనం నాకు ఇంకొకటి కనిపించడం లేదు. పది పన్నెండు షీట్లు శ్రద్ధగా గీస్తే చాలు. ఆ తర్వాత అదే లెక్కను సాఫ్ట్‌వేర్‌లో కట్టి, తన షీటుతో పోల్చి చూసుకోవడం పిల్లలకు పండగలా ఉంటుంది.

మూడో అభ్యంతరం గణితం వైపు నుంచి వస్తుంది: ఇదంతా కొసైన్ లెక్కే, సూత్రం వేస్తే పోదా? సూత్రం సరైనదే. కానీ సూత్రం ఎక్కడ వేయాలో తెలియాలి. పుస్తకాల్లో ఉండే ఒక పాత లెక్క చెబుతాను. 50 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న గుండ్రటి పలక అంచు మీది ఒక బిందువుపై నిలబడి నేలతో 45 డిగ్రీలు వాలింది. ఆ బిందువు గుండా పోయే వ్యాసపు టాప్ వ్యూ గోడతో 30 డిగ్రీలు చేస్తుందంటే, టాప్ వ్యూను 30 డిగ్రీలు తిప్పడమే. వ్యాసమే గోడతో 30 డిగ్రీలు చేస్తుందంటే? ఒక్క మాట తేడా. ఇప్పుడు టాప్ వ్యూను 30 కాదు, 45 డిగ్రీలు తిప్పాలి. ఎందుకంటే వ్యాసం ఇప్పటికే పైకి లేచి ఉంది, టాప్ వ్యూలో 35.4కి కురచయింది, గోడ నుంచి 25 మిల్లీమీటర్లు దూరం జరగాలంటే ఆ కురచ గీత ఎక్కువ తిరగాలి. షీటు మీద దీన్ని తేల్చే తీరు ముచ్చటైనది. అసలు పొడవు 50ని 30 డిగ్రీలలో గీసి, దాని కొన మీదుగా ఎక్స్-వైకి సమాంతరంగా ఒక గీత లాగుతాం. కంపాస్‌లో 35.4 తీసుకుని చాపం కొడితే అది ఆ గీతను ఎక్కడ తాకుతుందో అదే దిశ. ఇప్పుడు 30కి బదులు ఎవరో పొరపాటున 60 అని ఇచ్చారనుకోండి. సమాంతర గీత 43.3 దూరంలోకి పోతుంది, చాపం 35.4 దగ్గరే ఆగిపోతుంది. రెండూ కలవవు. నేలతో 45 డిగ్రీలు లేచిన గీత గోడతో 60 డిగ్రీలు చేయడం ఈ లోకంలో సాధ్యం కాదని కంపాస్ చెప్పేసింది. కాలిక్యులేటరు అదే చోట ఎర్రర్ చూపిస్తుంది, కారణం చెప్పదు. షీటు మీద కారణం కంటి ముందే ఉంటుంది: అందుకోవాల్సిన దూరం ఇది, చేయి చాచగలిగిన దూరం ఇది.

నాలుగో అభ్యంతరం పిల్లలది. దానికి నేను సగం తలవంచుతాను. మేం నేర్చుకునేది జ్యామితి కాదు సార్, పొజిషన్లు అంటారు వాళ్ళు. మూల మీద నిలబడితే మొదటి బొమ్మ ఇలా, భుజం మీద నిలబడితే అలా, లెక్కలో ఫలానా మాట ఉంటే ఫలానా మెట్టు. నిజమే. ఒకే తరహా లెక్కలు అంకెలు మార్చి అడుగుతూ పోతే తెలివైన పిల్లలు చేసే పని అదే. ఇందులో లోపం పాఠానిది కాదు, ప్రశ్న దిశది. అసలు ఆకారం ఇచ్చి వ్యూలు గీయమనడం ఎప్పుడూ ఒకే వైపు నడక. వ్యూలు ఇచ్చి అసలు ఆకారం అడిగితే బట్టీ పనికిరాదు. గుండ్రటి పలక ఫ్రంట్ వ్యూలో 50 నిలువు, 30 అడ్డం ఉన్న కోలగా కనిపించింది, అది గోడతో ఎంత తిరిగి ఉంది? 50 పొడవు గీత టాప్ వ్యూలో 30 వెడల్పులో ఇమడాలి, దాదాపు 53 డిగ్రీలు వస్తుంది. కుడికి తిరిగిందా ఎడమకా? రెండూ సాధ్యమే, ఆ ఒక్క వ్యూ అది చెప్పదు. ఈ రెండో జవాబు రాసిన పిల్లవాడు శని వలయం పాఠం దాకా వెళ్ళినట్టే. 120, 80 కర్ణాలున్న రాంబస్ పలక పై నుంచి చతురస్రంలా కనిపించాలంటే ఎంత వాలాలి? పెద్ద కర్ణం 80కి తగ్గాలి కాబట్టి దాదాపు 48 డిగ్రీలు. ఇలాంటివి పుస్తకాల చివర అక్కడక్కడా ఉన్నాయి. అవి అధ్యాయం మధ్యలోకి రావాలి. అలాగే వస్తువును తిప్పే మూడు మెట్ల పద్ధతికి తోడు, వస్తువును కదపకుండా చూసేవాడు చోటు మార్చే ఆగ్జిలరీ ప్లేన్ పద్ధతికి సమాన స్థానం ఇవ్వాలి. పలక గీతగా కనిపించే వ్యూలో ఆ గీతకు సమాంతరంగా కొత్త ఎక్స్-వై గీత ఒకటి గీస్తే అసలు ఆకారం అక్కడికే నడిచి వస్తుంది. ఉద్యోగంలో డ్రాయింగుల మీద కనిపించేది ఈ పద్ధతే. మొదటి వారం అట్టముక్కలు కత్తిరించి, గది మూలలో పట్టుకుని, పెన్సిలు పట్టకుండానే వ్యూలు చెప్పించాలి. అట్టకూ కత్తెరకూ ఏ ల్యాబ్ బడ్జెట్టూ అక్కర్లేదు.

ఇలా అడిగితే దిద్దడం కష్టమని పరీక్షల విభాగం వాళ్ళు అంటారు, వందల షీట్లు చూడాల్సిన వాళ్ళ బాధ అర్థం చేసుకోదగ్గదే. కానీ వ్యూల నుంచి అసలు ఆకారం అడిగే ప్రశ్నలో దిద్దడం సులువవుతుంది. జవాబు ఒకే ఒక ఆకారం. దాన్ని ట్రేసింగ్ కాగితం మీద గీసి ఉంచుకుని ప్రతి షీటు మీదా పెట్టి చూస్తే సరిపోయిందో లేదో అక్కడికక్కడే తెలుస్తుంది. మిగిలిన మార్కులు అక్కడికి చేరిన దారికి ఇవ్వాలి. అందుకు పిల్లలకు ఒక మాట ముందే చెప్పి ఉంచాలి: ఒక వ్యూ నుంచి ఇంకో వ్యూకి లాగిన సన్న గీతలను శుభ్రత పేరుతో చెరిపేయొద్దని. ఇప్పుడు చాలాచోట్ల ఆ గీతలు మిగిలి ఉంటే షీటు మురికిగా ఉందని మార్కులు తగ్గిస్తున్నారు. పలక అసలు ఆకారం ఇదేనని చెప్పే సాక్ష్యం ఆ గీతల్లోనే ఉంది కాబట్టి, వాటికి మార్కులు తగ్గించడం ఈ ఏడాది పరీక్షల నుంచే ఆపేయవచ్చు. సిలబస్ మార్చక్కర్లేదు, పేపరు దిద్దేవారికి ఇచ్చే సూచనల్లో ఒక వాక్యం చేరిస్తే చాలు.